పైలట్ యూనియన్ సభ్యత్వం: ఎప్పుడు చేరాలి, ఎలా వాడుకోవాలి

షోకాజ్ నోటీసు చేతికొచ్చాక సభ్యత్వ ఫారం నింపితే పెద్దగా ఉపయోగం ఉండదు. సభ్యుడయ్యాక జరిగిన సంఘటనలకే లాయర్ సాయం ఇస్తామని చాలా యూనియన్ల నియమావళిలో ఉంటుంది. అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మూడు విషయాలు అడగండి: ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను తీసుకుంటారా, లాయర్ సాయం ఏ తేదీ నుంచి మొదలవుతుంది, చందా బాకీ పడితే ఎన్నాళ్లకు ఆగిపోతుంది. బ్యాంకు కార్డు మారినప్పుడు చందా ఆగిపోయి, ఆ సంగతి విచారణ రోజున బయటపడటం తరచూ జరిగేదే.

చందా జీతంలో ఇంత శాతమని ఉంటుంది, లేదా ఏడాదికింత అని ఉంటుంది. దానికి బదులుగా ఏం దక్కుతుందో తెలియాలంటే కంపెనీతో యూనియన్ చేసుకున్న అగ్రిమెంట్‌లో రోస్టర్ (డ్యూటీల షెడ్యూలు) భాగం చదవాలి. ఐరోపా నిబంధనల్లో 28 రోజులకు 100 గంటలు, క్యాలెండర్ ఏడాదికి 900 గంటలు ఫ్లయింగ్ పరిమితి. అది గరిష్ఠం. అగ్రిమెంట్ లేనిచోట రోస్టర్ ఆ అంచుదాకా వెళ్లగలదు. అంతకంటే కింద గీత గీయడం, సెలవు రోజున పిలిస్తే అదనపు డబ్బు, సీనియారిటీ వరస, ఇవన్నీ బేరంలో సాధించుకోవాల్సినవి. డ్యూటీ లెక్క మీరూ విడిగా రాసుకోండి: రిపోర్టింగ్ టైమ్, ఛాక్స్ ఆఫ్ (చక్రాల అడ్డు తీసి విమానం కదిలిన సమయం), ఛాక్స్ ఆన్ (ఆగాక మళ్లీ అడ్డు పెట్టిన సమయం), డ్యూటీ ముగింపు. రోస్టర్‌ను తర్వాత సవరిస్తే పాతది స్క్రీన్ మీద దొరకదు కాబట్టి రోజూ ఫొటో తీసి ఉంచాలి.

యూనియన్ అసలు విలువ తెలిసేది ఏదైనా సంఘటన జరిగిన మొదటి కొన్ని గంటల్లో. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ చాలా విమానాల్లో చివరి 2 గంటలే ఉంచుతుంది, పాతదాని మీద కొత్తది పడిపోతుంది. పార్కింగ్ అయ్యాక కంపెనీ మాన్యువల్ చెప్పినట్టు రికార్డింగ్ ఆగేలా దాని సర్క్యూట్ బ్రేకర్ లాగించి, టెక్ లాగ్‌లో (విమానం సాంకేతిక రికార్డు పుస్తకంలో) నమోదు చేయండి. తర్వాత యూనియన్ ప్రతినిధికి ఫోన్. తప్పనిసరి రిపోర్టు గడువులోగా ఇవ్వాల్సిందే, కానీ పంపే ముందు ఆయనకో లాయర్‌కో చూపించండి. ఊహలు రాయకండి. "అప్రోచ్ కాస్త వేగంగా ఉండి ఉండొచ్చు" అని (అప్రోచ్ అంటే ల్యాండింగ్‌కు దిగే దశ) మీరు రాశారనుకుందాం. 1000 అడుగుల దగ్గర టార్గెట్ స్పీడ్ కంటే 4 నాట్లే ఎక్కువని ఫ్లైట్ డేటా తేల్చినా, మీ వాక్యం ఫైల్లో అలాగే ఉంటుంది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిబంధనల్లోని అనెక్స్ 13 ప్రకారం ప్రమాద విచారణ లక్ష్యం మరో ప్రమాదం జరగకుండా చూడటమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. కంపెనీ క్రమశిక్షణ విచారణ వేరు, దానికి ఈ నియమం వర్తించదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏ విచారణకు వచ్చారో ముందే అడిగి రాసుకోండి.

మెడికల్ (పైలట్‌గా ఆరోగ్యపరంగా అర్హుడినన్న సర్టిఫికెట్) పోతే ఆదుకునేది లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా. యూనియన్ గ్రూప్ పాలసీ ఉందని ఊరుకోకుండా నాలుగు చోట్ల చూడాలి: డబ్బు మొదలయ్యే ముందు ఎన్ని రోజులు ఆగాలి, తాత్కాలిక అన్‌ఫిట్‌కూ ఇస్తారా, మానసిక అనారోగ్యం మినహాయింపుల్లో ఉందా, వయసు పెరిగేకొద్దీ మొత్తం ఎంత తగ్గుతుంది. బీమాలో చేరేటప్పుడు పాత వ్యాధి దాచితే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. ఆ తిరస్కరణను యూనియన్ కూడా తిప్పలేదు.

సొంత సరదాకు చిన్న విమానం నడిపేవాళ్లకు యజమాని ఉండడు, కాబట్టి బేరమూ ఉండదు. వాళ్లకు పనికొచ్చేవి ఏఓపీఏ (విమాన యజమానులు, పైలట్ల సంఘం) లాంటి సంఘాలు. అమెరికాలో అది 1939లో పుట్టింది. మెడికల్ దరఖాస్తులో చిక్కులు, ఎయిర్‌స్పేస్ ఆంక్షలు, మూతపడబోయే ఎయిర్‌ఫీల్డ్‌లు, ఇవి వాటి పని. అమెరికా ఏఓపీఏలో లాయర్ సాయం మామూలు సభ్యత్వంలో రాదు, ఆ ప్లాన్‌కు విడిగా కట్టాలి. జీతం తీసుకునే ఇన్‌స్ట్రక్టర్లు మాత్రం ఉద్యోగులే. ఫ్లయింగ్ స్కూల్ సిబ్బందిని చేర్చుకునే యూనియన్ ఉందేమో వాళ్లు విడిగా కనుక్కోవాలి.