కొత్త డెక్‌కు స్టెయిన్: వానల ముందు తొందరపడకూడని పని

జూన్‌లో నైరుతి వానలు దిగేలోపు కొత్త డెక్‌కు, అంటే ఆరుబయట పరిచిన చెక్క పలకల నేలకు, ఏదో ఒకటి పూయించేయాలని విశాఖలో మే నెలంతా హడావిడి పడతాం. నేనూ పడ్డాను. సాగర్‌నగర్‌లో మా మేడ మీద టేకు పలకలతో డెక్ వేయించిన ఏడాది, దుకాణంలో చూపించిన మెరిసే వార్నిష్ నచ్చి అదే వేయించాను. కొన్నాళ్లు అద్దంలా ఉంది. దీపావళి నాటికి పలకల అంచుల దగ్గర పొర లేచింది. గోటితో లాగితే ఉల్లిపొరలా ఊడొచ్చింది. అడుగున చెక్క నల్లగా మచ్చలు కట్టి ఉంది. ఆ పొరంతా గీకించడానికి, వేయించిన దానికంటే ఎక్కువ కూలి అయింది.

చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైన ఉన్న గట్టి పొర దానితోపాటు సాగలేక పగులుతుంది. ఆ పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లు మళ్లీ తొందరగా బయటికి రావు. అందుకే ఇంట్లో తలుపులకు ఎంత బాగున్నా, ఆరుబయట కాళ్ల కింద ఉండే పలకలకు వార్నిష్ వద్దు. పైన పొర కట్టకుండా చెక్కలోకి ఇంకిపోయే పూత, అంటే స్టెయిన్ కావాలి. పాతబడినా అది ఊడదు, మెల్లగా వెలిసిపోతుంది. శుభ్రం చేసుకుని దాని మీదే మళ్లీ వేసుకోవచ్చు.

స్టెయిన్లలోనూ చూసి తీసుకోవాలి. రంగే లేని పారదర్శకమైనది వేస్తే చెక్క అందం మొత్తం కనిపిస్తుంది గానీ, మన ఎండ ముందు అది ఎక్కువ కాలం ఆగదు. చెక్క పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి, పైముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ కిరణాల్ని ఆపేది స్టెయిన్‌లో కలిసిన రంగుపొడే. చారలు పూర్తిగా మూసేసే చిక్కటి రకం ఎండను బాగా ఆపుతుంది కానీ, అది దాదాపు పెయింటే. రెయిలింగుకు వేసుకోండి, నడిచేచోట వద్దు. మధ్యరకం, అంటే రంగు ఉంటూనే చారలు కనిపించేది, నూనె ఆధారంగా చేసినది మన ఊరికి సరిపోతుందని నా అభిప్రాయం. కొనేముందు డబ్బా మీద ఆరుబయట నేలకు పనికొస్తుందని, బూజును ఆపే మందు కలిసిందని ఉందో లేదో చూడండి. ఇంత చెమ్మగాలిలో వట్టి అవిసె నూనె పూస్తే బూజుకు భోజనం పెట్టినట్టే.

ఛాయ సంగతికొస్తే, ముదురు గోధుమ, నలుపు కలిసిన రంగులు ఎండలో బాగా వేడెక్కుతాయి. మధ్యాహ్నం పిల్లలు వట్టికాళ్లతో అడుగు పెట్టలేరు. తేనె రంగు, లేత టేకు రంగు నయం. దుకాణంలో కార్డు చూసి నిర్ణయించకండి. మీ పలకల్లోంచే మిగిలిన ముక్కకు పూసి, ఆరాక ఎండలో పెట్టి చూడండి. ఒకే డబ్బాలో చేవ ఉన్న ముక్క ఒకలా, అంచు తెల్లచెక్క ఇంకొకలా రంగు పడుతుంది.

ఇక అసలు విషయం, ఆరడం. తడి ఉన్న చెక్క స్టెయిన్‌ను పీల్చదు. పుచ్చకుండా మందు ఎక్కించిన పైన్ పలకలైతే తడిగానే అడితికి వస్తాయి. అవి ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తేమ మీటరు దొరికితే పదిహేను శాతం లోపు చూపించాలి. లేకపోతే నాలుగైదు చోట్ల నీళ్లు చిలకరించండి. పది నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధం. తామరాకు మీదలా ముత్యాలై నిలిస్తే ఇంకా తడి ఉందన్నమాట, లేదంటే మిల్లులో చిత్రిక పట్టినప్పుడు పైముఖం బిగుసుకుపోయిందన్నమాట. రెండోదైతే 60 లేదా 80 నంబరు ఎమరీ పేపర్ పట్టిస్తే చాలు. అంతకంటే నున్నగా రుద్దితే స్టెయిన్ లోపలికి దిగదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి, వేసే ముందు థిన్నర్ ముంచిన గుడ్డతో తుడిపించండి.

సముద్రం దగ్గర ఇంకో పని ఉంది. పది రోజులు ఊరికే వదిలేసిన పలక మీద వేలు రాసి నాలుకకు అంటించుకోండి, ఉప్పగా తగులుతుంది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది, అది ఉన్నంతసేపూ పైముఖం సరిగా ఆరదు. మంచినీళ్లతో కడిగించి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, అప్పుడు వేయించండి. స్టీల్ పీచు మాత్రం తాకనివ్వకండి. దాని తునకలు చెక్కలో ఇరుక్కుని, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లమచ్చలవుతాయి. మామూలు ఇనుప స్క్రూలతోనూ అదే తంటా. తీరంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే బిగించమనండి.

పూసేటప్పుడు నడినెత్తి ఎండ వద్దు, పలక కాలిపోతుంటే స్టెయిన్ ఇంకకముందే పైన ఆరిపోతుంది. మంచు తడి ఆరిన పొద్దుటిపూట, నీడ పడే వైపు నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత కనీసం రెండు రోజులు వాన ఉండకూడదు. మే నెల సాయంత్రాలు ఎలా తిరగబడతాయో మనకు తెలిసిందే, వాతావరణ సూచన చూసుకోండి. రెండు మూడు డబ్బాలుంటే అన్నీ ఒక బకెట్‌లో కలిపితేనే రంగు ఒకేలా వస్తుంది. పలుచగా పట్టించి, పావుగంటకు ఇంకకుండా మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. వదిలేస్తే జిగటగా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. కోసిన కొనల్లోంచే నీళ్లు ఎక్కువ దిగుతాయి, వాటికి రెండుసార్లు పట్టించండి.

ఆ తుడిచిన గుడ్డలతో చాలా జాగ్రత్త. రెండోసారి పనిలో మా పెయింటర్ కుర్రాడు వాటినన్నీ మూటకట్టి మెట్ల కింద పెట్టాడు. గంట తర్వాత చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

“ఎండకి కాగిందమ్మా” అన్నాడు.

“మెట్ల కింద ఎండెక్కడిది బాబూ?” అన్నాను.

నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. మూటలో ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. ప్రతి గుడ్డనూ ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

వానల్లోపు చెక్క ఆరలేదా? పూయకండి. టేకు చేవ, మందు ఎక్కించిన పైన్ ఒక వానాకాలం ఉత్తగానే తట్టుకుంటాయి. టార్పాలిన్ కప్పితే పలకలకు అంటకుండా ఎత్తులో కట్టండి, కింద గాలి ఆడాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014లో హుద్‌హుద్ మన మీద పడింది అక్టోబరు 12నే. అవీ దాటాక, డిసెంబరు చివర్నో జనవరిలోనో, బూడిద తిరిగిన పైముఖాన్ని ఆక్సాలిక్ ఆమ్లం కలిసిన క్లీనరుతో కడిగించి, బాగా ఆరాక స్టెయిన్ వేయించండి. క్లీనరు పట్టించేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పరీక్షకు పూసిన ముక్క వెనక ఛాయ నంబరు, వేసిన తేదీ రాసి దాచుకోండి. ఏడాదికో రెండేళ్లకో చిలకరించిన నీళ్లు మళ్లీ ఇంకడం మొదలైన రోజున ఆ ముక్క పట్టుకుని దుకాణానికి వెళ్లొచ్చు.