ఫోన్ రూట్ చేయించాలా? ముందు సమస్యేంటో చూడండి

రూట్ కావాలని అడిగేవాళ్లలో ఎక్కువమందికి రూట్ అక్కర్లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా ఎవరో ఒకరు "రూట్ చేస్తే ఫాస్ట్ అవుద్దన్నా" అంటారు, మనవాళ్లు సరే అనేస్తారు, తీరా రొయ్యల మేత కొట్టు దగ్గర డబ్బు పంపాల్సి వచ్చినప్పుడు బ్యాంకు యాప్ తెరుచుకోదు. అందుకని మీ ఫోన్‌కి వచ్చిన ఇబ్బంది కింద ఎక్కడుందో చూసుకుని అంతవరకే చెయ్యండి.

ఇంకో మాట. బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. దాని అన్‌లాక్ వేరు, రూట్ వేరు. అన్‌లాక్ చేస్తే కంపెనీది కాని సిస్టమ్‌ని కూడా ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు. రూట్ చేస్తే సిస్టమ్ ఫైళ్ల మీద పెత్తనం మొత్తం మీ చేతికొస్తుంది. ఈ రోజుల్లో మొదటిది లేకుండా రెండోది దాదాపు కుదరదు, కానీ మొదటిది చేసి అక్కడితో ఆగిపోవచ్చు.

సమస్య: ఫోన్ నత్తనడక నడుస్తోంది

కారణం చాలావరకు స్టోరేజ్ నిండిపోవడమే. గుంటల దగ్గర తీసిన వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల్లోంచి నాలుగుసార్లు దిగడం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే పెద్ద ఫైళ్లన్నీ ఒకచోట కనిపిస్తాయి, తీసేసి ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. ఛార్జింగ్ ఇంకా ఉండగానే ఠక్కున ఆగిపోతుంటే బ్యాటరీ అయిపోయినట్టు, మార్పించండి. రూట్ చేసినంత మాత్రాన ర్యామ్ పెరగదు.

సమస్య: ఎక్కడ చూసినా యాడ్లు, తీసేద్దామంటే పోని యాప్‌లు

దీనికీ రూట్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే అది నెట్‌లో ఎక్కడుందో వెతికిచ్చే సేవ. అక్కడ యాడ్లు ఆపే యాడ్‌గార్డ్ వాళ్ల డీఎన్ఎస్ చిరునామా రాస్తే బ్రౌజర్లో, చాలా యాప్‌లలో యాడ్లు తగ్గిపోతాయి, యూట్యూబ్‌వి మాత్రం పోవు. కంపెనీ ముందే ఎక్కించిన యాప్‌లని డిసేబుల్ చెయ్యండి. అదీ కుదరకపోతే కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ప్రోగ్రామ్) కమాండుతో మీ యూజర్ వరకు తీసేయొచ్చు, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అవి మళ్లీ వస్తాయి కాబట్టి పెద్ద భయం లేదు. పేరు తెలియని యాప్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

సమస్య: అమెరికా నుంచి వచ్చిన ఫోన్ మన సిమ్ తీసుకోవట్లేదు

అది నెట్‌వర్క్ లాక్, అంటే అక్కడి నెట్‌వర్క్ కంపెనీ వేరే సిమ్ పనిచెయ్యకుండా వేసిన తాళం, బూట్‌లోడర్‌కి సంబంధం లేదు. ఫోన్ కొన్న మీ బావగారో తమ్ముడో ఆ నెట్‌వర్క్ కంపెనీని అడిగి తీయించాల్సిందే. అక్కడి ఏటీ అండ్ టీ నెట్‌వర్క్ పోస్ట్‌పెయిడ్ అయితే ఫోన్ బాకీ పూర్తిగా తీరి, కనీసం 60 రోజులు వాడి ఉండాలి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) మార్చి ఇస్తామని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం దానికి 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

సమస్య: ఫోన్ బాగానే ఉంది, అప్‌డేట్లు ఆగిపోయాయి

అన్‌లాక్ గురించి నిజంగా ఆలోచించాల్సింది ఇక్కడే, నేనైతే ఇలాంటి ఫోన్‌ని మూల పడేయడం కంటే లీనియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా చేసిన, ఫోన్ కంపెనీది కాని ఉచిత సిస్టమ్) వెయ్యడమే మంచిదంటాను. మీ మోడల్ వాళ్ల అధికారిక జాబితాలో ఉందో లేదో ముందు చూడండి, పేరు ఒకటే అయినా మోడల్ నంబర్ తేడా ఉంటే అది వేరే ఫోన్ కిందే లెక్క. తర్వాత అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ అనే, బూట్‌లోడర్ తెరవడానికి ఒప్పుకునే స్విచ్ లేకపోయినా, ఉండి కదలకపోయినా అక్కడితో వదిలెయ్యండి. షావోమీ అయితే కంపెనీ అనుమతి తీసుకుని కొన్ని రోజులు ఆగాలి. శామ్‌సంగ్‌లో కంపెనీది కాని సిస్టమ్ ఎక్కిస్తే నాక్స్ ఫ్యూజు (సిస్టమ్ మార్చారని శాశ్వతంగా గుర్తుపెట్టే లోపలి భాగం) కాలిపోతుంది, మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ వేసినా అది బాగుపడదు, తాళం వేసి ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక లేనట్టే.

అన్‌లాక్ చేసేటప్పుడు చాలా ఫోన్లలో తెర మీద హెచ్చరిక వస్తుంది, దానికి ఒప్పుకున్న క్షణంలో ఫోటోలు, మెసేజ్‌లు అన్నీ పోతాయి. ముందే కాపీ తీసుకోండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో డెస్క్‌టాప్ మీద కాకుండా ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద చెయ్యండి, కేబుల్ కదలకుండా చూసుకోండి.

సమస్య: అన్‌లాకో రూటో చేశాక బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు

ఫోన్ నమ్మదగిందేనా అని యాప్ గూగుల్ వాళ్ల తనిఖీ సేవ అయిన ప్లే ఇంటెగ్రిటీని అడుగుతుంది. బూట్‌లోడర్ తెరిచి ఉంటే ఫోన్‌లోని సెక్యూరిటీ హార్డ్‌వేరే ఆ సంగతి చెప్పేస్తుంది. రూట్ చేయడానికి వాడే మాజిస్క్ అనే ప్రోగ్రామ్‌కి జోడించే మాడ్యూళ్లతో దాచొచ్చంటారు గానీ ఇవాళ దాగింది రేపు అప్‌డేట్‌తో బయటపడుతుంది, డబ్బు విషయంలో ఆ టెన్షన్ ఎందుకు? యూపీఐ ఉన్న ఫోన్‌ని అన్‌లాక్ కూడా చెయ్యొద్దు, ప్రయోగాలు వారంటీ అయిపోయిన రెండో ఫోన్‌లో చేసుకోండి. ఇప్పటికే చేసేసి ఉంటే అదే మోడల్, అదే ప్రాంతపు కంపెనీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించి, మామూలుగా ఆన్ అయిందని చూసుకున్నాకే బూట్‌లోడర్ లాక్ చెయ్యండి. లాక్ చేసేటప్పుడు కూడా డేటా పోతుంది. వేరే సిస్టమ్ ఉండగా లాక్ చేస్తే చాలా ఫోన్లు అసలు ఆన్ కావు.

సమస్య: లోగో దగ్గర ఆగిపోయింది

కంగారుపడి ఏదో ఒక ఫైల్ మళ్లీ ఎక్కించకండి. పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించే తెర) వస్తుంది, వస్తే ఫోన్ బతికే ఉన్నట్టు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లేస్తుంది. శామ్‌సంగ్‌లో దానికి బదులు డౌన్‌లోడ్ మోడ్ ఉంటుంది, కంప్యూటర్లో ఓడిన్ అనే ప్రోగ్రామ్‌తో ఎక్కించాలి. ఏదీ రాకపోతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి ఏం చేశారో దాచకుండా చెప్పండి, ఏ ఫైల్ ఎక్కించారో తెలిస్తే వాళ్లకి సగం పని తగ్గుతుంది.