దుబాయ్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తుంటే గసగసాలు వద్దు

దుబాయ్‌లో ఉన్న స్నేహితులకు పచ్చళ్లు, పొడులు సర్దుతున్నారా? సర్దండి, కానీ గసగసాలు మాత్రం చిటికెడు కూడా పెట్టకండి. మన వంటింటి దినుసే అయినా, అక్కడ నిషేధం. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసినా ప్రమాదమే, అమ్మను అడిగి మరీ చూసుకోండి. కొన్ని నొప్పి, దగ్గు మందుల్లో ఉండే ట్రమడాల్, కోడీన్ మీ మందుల్లో ఉంటే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. ఈ రెండింటి దగ్గర అస్సలు అశ్రద్ధ వద్దు.

2022 నుంచి అక్కడ చాలా ఆఫీసులకు శని, ఆదివారాలే సెలవు. శుక్రవారం సాయంత్రానికి చేరేలా టికెట్ తీసుకుంటే పాపం వాళ్లు లీవు పెట్టక్కర్లేదు. పగలు దిగితే 1, 3 టెర్మినళ్ల నుంచే మెట్రో ఉంది, అక్కడి ప్రయాణ కార్డు ‘నోల్’ కొనుక్కుంటే చాలు.