రెండ్రోజుల ట్రిప్పులో చవగ్గా, బాగా తినడం – 3వ పాఠం: బెంగళూరు

పోయిన పాఠంలో మనిషికి రోజుకి తిండికి ఎంత పెట్టుకోవాలో లెక్క వేసుకున్నాం కదా, ఈసారి ఆ లెక్క జేబులో పెట్టుకుని ఒక ఊళ్లోకి దిగుదాం. బెంగళూరే ఎందుకంటే మనవాళ్లు ఊరికూరికే వెళ్లే ఊరు అది, ఇంటర్వ్యూ అని, పిల్లల అడ్మిషన్ అని, హాస్పిటల్ అని, చుట్టాలింట్లో ఫంక్షన్ అని, హిందూపురం వైపు వాళ్లయితే పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చేస్తారు కూడా. కానీ వెళ్లొచ్చిన వాళ్లలో సగం మంది నోట ఒకటే మాట, తిండికే డబ్బులన్నీ అయిపోయాయి అని. నాకు ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే తక్కువ డబ్బుకి వేడి వేడి తిండి, శుభ్రంగా, ఎదురుగానే చేసి పెట్టే ఊళ్లలో బెంగళూరు నా లెక్కలో ముందుంటుంది.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే: ముందు టైము, తర్వాత ఏరియా, హోటలు ఆఖర్న. మనం దీన్ని తలకిందులుగా చేస్తాం. బాగా ఆకలేసి, పిల్లలు గొడవ మొదలెట్టాక, నిలబడ్డ చోటే ఫోన్ తీసి దగ్గర్లో ఏముందని చూస్తాం, అప్పుడు మనం ఉండేది ఏ మాల్ లోపలో, ఎంజీ రోడ్డు మీదో, చర్చ్ స్ట్రీట్‌లోనో, అక్కడ కనబడేవన్నీ ఆ వీధి అద్దెలు మోసే హోటళ్లే కాబట్టి రేట్లు అలాగే ఉంటాయి మరి. వాళ్లని అనుకుని లాభం లేదు. ఆకలి వేయకముందే ఏ టైముకి ఏ ఏరియాలో ఉంటామో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

సరే, టైముతో మొదలెడదాం. బెంగళూరులో చవక తిండి అంటే ముందు టిఫిన్లే, వాటికి గడియారం ఉంది. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఇడ్లీ, వడ, ఖారా బాత్, దోసె ఫుల్లుగా నడుస్తాయి, పన్నెండు కొట్టాక చాలా చోట్ల దోసె పెనం ఆపేసి భోజనాలు మొదలెడతారు, మూడు దాటితే భోజనం అయిపోయిందంటారు, నాలుగింటికి మళ్లీ టిఫిన్లు, రాత్రి తొమ్మిది తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించేస్తారు. హోటలు హోటలుకి అరగంట అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే. అంటే మీరు మూడున్నరకి ఆకలితో బయటపడితే చవగ్గా తినే చోటులో మీకు మిగిలేది కాఫీ, బన్ను, రాత్రి పదింటికి బయటపడితే అదీ ఉండదు, ఆర్డర్ పెట్టుకోవాల్సిందే. అందుకే ట్రిప్పులో ఏ రోజైనా పొద్దున టిఫిను గట్టిగా తినండి. ఒంటిగంట లోపే భోజనానికి కూర్చోండి.

ఇప్పుడు దర్శిని. ఈ పాఠంలో అసలు విషయం ఇదే కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం. దర్శిని అంటే నిలబడి తినే చిన్న హోటలు, జయనగర్‌లో 1983లో మొదలైన కేఫ్ దర్శిని నుంచి ఈ పద్ధతి ఊరంతా పాకింది, ఇప్పుడు పేరులో దర్శిని అని లేకపోయినా ఆ తీరులో నడిచేవి వీధికొకటి ఉంటాయి. ఎందుకు చవక అంటే కుర్చీలు లేవు, సర్వర్లు లేరు, చోటు చిన్నది కాబట్టి అద్దె తక్కువ, మనిషి పది నిమిషాల్లో తిని వెళ్లిపోతాడు కాబట్టి అదే చోటులో గంటకి ఎంతోమంది తింటారు. ఇంకో లాభం, సరుకు నిలవ ఉండదు, ఇడ్లీ వాయి దిగిందంటే దిగినట్టే అయిపోతుంది, అందుకే రుచి కూడా బాగుంటుంది. చవక అనగానే పాచిది పెడతారేమో అని భయపడే పెద్దవాళ్లకి ఈ మాట చెప్పండి, రద్దీగా ఉన్న దర్శినిలో పాచిది మిగలడానికి టైమే ఉండదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడ ఎలా నడుచుకోవాలో చూద్దాం, ఎందుకంటే ఆ హడావిడి చూసి వెనక్కి వచ్చేసేవాళ్లు ఉన్నారు. లోపలికి వెళ్లగానే నేరుగా వంట దగ్గరికి పోవద్దు, పక్కన క్యాష్ కౌంటర్ ఉంటుంది, దాని మీద రేట్ల బోర్డు. క్యూలో చేరకముందే బోర్డు చదివేసుకోండి, ఎందుకంటే మీ వంతు వచ్చాక ఆలోచిస్తూ నిలబడితే వెనకవాళ్లు ఊరుకోరు. డబ్బులిస్తే చిన్న చీటీ ఇస్తారు, అదే టోకెన్. కాఫీకి, ఇడ్లీకి, దోసెకి వేర్వేరు చోట్ల ఇస్తారు, టోకెన్ పట్టుకుని ఏది ఎక్కడో ఆ రాతిబండ ముందు నిలబడాలి. ఇడ్లీ వడ తీసుకుంటే సాంబారు డిప్పా అని అడుగుతారు, అంటే ప్లేటులోనే సాంబారు పోసేయాలా, వేరే కప్పులో ఇవ్వాలా అని. మన నాలుకకి అక్కడి సాంబారు కాస్త తీపి తగులుతుంది, బెల్లం పడుతుంది, అది నచ్చదనుకుంటే వేరే ఇవ్వమని చెప్పి చట్నీతో తినండి. చట్నీ మళ్లీ అడిగితే మామూలుగా పోస్తారు. కాఫీ టోకెన్ టిఫినుతోపాటే తీసుకోండి కానీ తిన్నాకే ఇవ్వండి, లేకపోతే చల్లారిపోతుంది. ఇద్దరికి ఒక కాఫీ చాలనుకుంటే బై టూ అనండి, రెండు గ్లాసుల్లో పోసిస్తారు, దానికి మొహమాటపడాల్సిన పనే లేదు, ఆ ఊళ్లో అందరూ చేసేదే. తిన్న ప్లేటు మీరే తీసి టబ్బులో పడేయాలి.

ఏం తినాలి అంటే, కడుపు నిండాలంటే ఖారా బాత్, అంటే కూరగాయలు వేసిన మన ఉప్మానే అనుకోండి కానీ రుచి వేరు, దాంతో కేసరి బాత్, అంటే తీపి రవ్వ కేసరి, కూడా ఒకే ప్లేటులో కావాలంటే చౌ చౌ బాత్ అని అడగాలి. మధ్యాహ్నం బిసిబేళె బాత్, అంటే పప్పు, కూరగాయలు కలిపి వండిన సాంబారన్నం, ఒక్కటి తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదు. మామూలు దర్శినిలో టిఫినూ కాఫీ కలిపి మనిషికి వంద రూపాయల లోపు తేలాలి, దాటుతోందంటే మీరు ఖరీదైన ఏరియాలో ఉన్నారని గుర్తు.

ఒక చిన్న విషయం, చాలామంది డబ్బులు పోయేది ఇక్కడే. అదే హోటలు, అదే వంట, కానీ కింద సెల్ఫ్ సర్వీసుకి ఒక రేటు, కూర్చునే హాలుకి ఒక రేటు, పైన ఏసీలో ఇంకో రేటు. పైకి వెళ్లమని దారి చూపిస్తారు, మనం వెళ్లిపోతాం, మెనూ కార్డు చూసేసరికి అదే మసాలా దోసె బాగా ఎక్కువ ఉంటుంది. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే ఏసీ కాదు, మామూలు సర్వీస్ హాలు ఉందా అని అడగండి, కుర్చీ దొరుకుతుంది, రేటూ మరీ పెరగదు. కూర్చోగానే నీళ్ల బాటిల్ మూత తీస్తుంటే ఆపి మామూలు నీళ్లు అడగండి, నలుగురికి నాలుగు బాటిళ్లంటే ఇంకో టిఫిను డబ్బులు కదా.

ఇక ఏరియా. ముందు మెజెస్టిక్ గుర్తుపెట్టుకోండి, అంటే పెద్ద బస్టాండు, రైల్వే స్టేషన్ ఉండే చోటు, మెట్రోలో పర్పుల్, గ్రీన్ లైన్లు రెండూ కలిసేది అక్కడే. ఈ పాఠానికి గ్రీన్ లైన్ మీద రెండు స్టేషన్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి నేషనల్ కాలేజ్, మెజెస్టిక్ నుంచి జయనగర్ వైపు వెళ్తుంటే మూడోది. దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఒకవైపు గాంధీ బజార్, ఇంకోవైపు శంకరపురం, వీవీ పురం. శంకరపురంలో 1965 నుంచి ఉన్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ, అంతే, సాంబారే ఉండదు, ఆ చట్నీ కోసమే జనం రోడ్డు మీద నిలబడి తింటారు. నాలుగే ఐటమ్స్ ఉన్న చోట ఆ నాలుగూ బాగుంటాయి, ఇది ఏ ఊళ్లోనైనా పనికొచ్చే గుర్తు. గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్ 1943 నాటిది, దోసె గొప్పగానే ఉంటుంది కానీ శనాదివారాల్లో వెయిటింగ్ చాలా ఉంటుంది, శుక్రవారం సెలవు, రెండ్రోజుల ట్రిప్పులో గంట అక్కడ పోగొట్టుకోవాలా అన్నది మీ ఇష్టం. నేనైతే పొద్దున్నే తెరవగానే వెళ్తాను, లేదంటే అదే వీధిలో పేరు లేని చోట తినేసి నా పని చూసుకుంటాను.

సాయంత్రానికి వీవీ పురంలో సజ్జన్ రావు సర్కిల్ దగ్గర తిండి బీది ఉంది, ఆ వీధి మొత్తం తిండే. అక్కి రొట్టి, అంటే బియ్యప్పిండి రొట్టె, పడ్డు, అంటే మన గుంతపొంగనాలు, హోళిగె, అంటే బొబ్బట్లు, దోసెలు, చలికాలంలో వెళ్తే అవరేకాయి, అదే సీమలో అనపకాయ అనే చిక్కుడు, సొరకాయ కాదు, ఆ గింజలు వేసిన దోసె దొరికితే వదలద్దు. ఒక్కొక్కటి చూస్తే రేటు తక్కువే, కానీ నలుగురు తలా నాలుగు రకాలు తింటే హోటల్ భోజనం కంటే ఎక్కువ అవుతుంది. ప్లేటు ఒకటి తీసుకుని పంచుకుంటూ పొండి, ముందు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచి, తర్వాత కొనండి.

రెండో స్టేషన్ సంపిగె రోడ్, మెజెస్టిక్ నుంచి జయనగర్‌కి ఎదురు దిక్కున మొదటిదే. అది మల్లేశ్వరం. సంపిగె రోడ్డు పట్టుకుని క్రాసులు లెక్కపెట్టుకుంటూ నడవండి, ఎనిమిదో క్రాస్ మార్కెట్ రద్దీలో పాత టిఫిన్ హోటళ్లు, పదిహేనో క్రాస్‌లో వీణా స్టోర్స్ ఇడ్లీ, ఫుట్‌పాత్ మీదే నిలబడి తినాలి. దూరం కొంచెం ఉంటుంది, పొద్దునపూట అయితే చెట్ల కింద నడక హాయిగానే ఉంటుంది.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, బీటీఎం, మడివాళ వైపు ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ మనవాళ్ల పీజీలు వరసగా ఉంటాయి, పీజీల వెనక సందుల్లో ఆంధ్రా మెస్సులు ఉంటాయి, అన్నం, పప్పు, వేపుడు, రసం, పెరుగు, గన్‌పౌడర్ అనే పప్పుల కారప్పొడి. మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డుతో ఉండే ఆంధ్రా స్టైల్ రెస్టారెంట్లు రుచిగానే ఉంటాయి కానీ మన బడ్జెట్‌కి అవి కావు. సందులో బ్యాగు వేసుకుని వస్తున్న కుర్రాడిని తెలుగులోనే అడగండి, "తమ్ముడూ, మీరు రోజూ ఎక్కడ తింటారు?" అని. "ఇక్కడ మంచి హోటల్ ఏది" అని అడిగితే గొప్ప పేరున్నది చెప్తారు, "రోజూ ఎక్కడ" అంటే చవకైనది, కడుపుకి పడేది చెప్తారు. హాస్పిటల్ పనిమీద వెళ్తే ఇదే ప్రశ్న అక్కడి వార్డు బాయ్‌నో, సెక్యూరిటీ ఆయన్నో అడగండి, ఎదురుగా ఉన్న హోటల్ చెప్పరు, వెనక వీధిలోది చెప్తారు.

రాయలసీమ వాళ్లకి ఇంకో మాట, రాగి ముద్ద దొరికే చోట్లు చూడండి, మన సంగటే అది, సొప్పు సారుతో, అంటే ఆకుకూర పులుసుతో, చవగ్గా పెడతారు. మాంసంతో కావాలంటే మిలిటరీ హోటల్ అన్న బోర్డు చూసి వెళ్లాలి, ఆకు దొన్నెలో పెట్టే దొన్నె బిర్యానీ కూడా అక్కడే, కానీ అది రోజుకి ఒక్కపూటకే పెట్టుకోండి. జొన్నరొట్టె తినేవాళ్లు ఖానావళి అన్న బోర్డు వెతకండి, ఉత్తర కర్ణాటక వాళ్ల భోజనం, రొట్టె, గుత్తొంకాయ కూర, పల్లీల పొడి. నాకు బెంగళూరులో మధ్యాహ్నం భోజనానికి ఇంతకన్నా నచ్చింది లేదు.

డబ్బులు మరీ బిగువుగా ఉంటే ఇందిరా క్యాంటీన్లు ఉన్నాయి, 2017 ఆగస్టులో మొదలైనప్పుడు టిఫిను 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు పెట్టారు. మన దగ్గర అన్న క్యాంటీన్ లాంటిదే. ఎవరైనా తినొచ్చు, మీ దగ్గర నిజంగా డబ్బు తక్కువుంటే సంకోచం పెట్టుకోవద్దు, కాకపోతే టైముకి వెళ్లాలి, వండింది అయిపోతే అంతే.

ఫోన్ గురించి ఆఖర్న చెప్తున్నాను ఎందుకంటే అది ఆఖర్నే వాడాలి. మ్యాప్‌లో హోటలు తెరిచాక స్టార్లు చూడకండి, ఫోటోల్లోకి వెళ్లి కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని రేట్ల బోర్డు ఫోటో వెతకండి, అది ఎప్పుడు పెట్టారో తేదీ చూడండి, రెండేళ్ల నాటి బోర్డు నమ్మి వెళ్తే లెక్క తప్పుతుంది. వెతికేటప్పుడు రెస్టారెంట్ అని కాకుండా దర్శిని, టిఫిన్ రూమ్, ఖానావళి, మెస్ అని కొట్టండి, వచ్చే లిస్టే మారిపోతుంది.

ఈ వారం హోంవర్క్: బెంగళూరు వెళ్లే పని ఉన్నా లేకపోయినా, మెజెస్టిక్‌లో పొద్దున ఆరున్నరకి దిగినట్టు, మధ్యాహ్నం పన్నెండున్నరకి జయనగర్‌లో పని ఉన్నట్టు, రాత్రి పదింటికి తిరుగు బస్సు ఉన్నట్టు అనుకుని మూడు పూటలూ ఎక్కడ తింటారో పేపరు మీద రాయండి, ప్రతి పూట పక్కన టైము, స్టేషను, రేటు. రాత్రి భోజనం ఎనిమిదిన్నరలోపు రాయడం మర్చిపోవద్దు, అక్కడే ఎక్కువమంది తప్పుతారు. వచ్చే పాఠంలో ఇదే పద్ధతి చెన్నైకి పెట్టి చూద్దాం, అక్కడ ట్రిప్లికేన్ మెస్సుల నుంచి మొదలెడతాను.