పాత విండోస్‌కి పెద్ద హార్డ్ డిస్క్ పెట్టేముందు

నేను సర్వీసు చేసే ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఇప్పటికీ ఎక్స్‌పీ, విండోస్ 2000 మెషీన్లు పనిచేస్తున్నాయి. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటిలో ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన శుభలేఖలు, పంచాంగాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. యజమానులు వాటిని వదలరు, వదలమని నేనూ చెప్పను. డిస్క్ పోయినప్పుడే టెన్షన్. ఇప్పుడు దొరికేవి 500 జీబీ, 1 టీబీ డిస్కులు. కేబుల్ తగిలించి వచ్చేస్తే సరిపోదు, డ్రైవర్ (విండోస్ తరఫున డిస్క్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) సంగతి చూడాలి.

డిస్క్‌లో డేటా సెక్టర్లనే చిన్న గడుల్లో ఉంటుంది, ఒక్కో గడికి ఒక నంబరు. పాత ఐడీఈ (అప్పటి వెడల్పు కేబుల్ డిస్కుల) డ్రైవర్లు ఆ సెక్టర్ నంబరును 28 బిట్లలో పంపుతాయి. అంటే 0 నుంచి 26,84,35,455 వరకే. సెక్టరుకి 512 బైట్లు కాబట్టి మొత్తం 137 జీబీ. విండోస్ 1024 లెక్కన దాన్నే 128 జీబీగా చూపిస్తుంది. ఆ తర్వాతి నంబరును అడిగితే పై బిట్ తెగిపోయి మళ్లీ సున్నా అవుతుంది, స్కూటర్ మీటరు 99999 దాటి 00000కి తిరిగినట్టు. సున్నా సెక్టరులో ఉండేది పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌ని ఏయే భాగాలుగా (పార్టిషన్లుగా) విడదీశారో చెప్పే పట్టిక. చివర్లో రాయాల్సిన ఫొటో దాని మీద పడుతుంది. అందుకే హద్దు దాటిన పార్టిషన్ ఉన్న మెషీన్ కొన్నాళ్లు చక్కగా పనిచేసి, డేటా 128 జీబీ దాటిన రోజున బూట్ అవ్వడం మానేస్తుంది. డిస్క్ పాడైందనుకుంటారు గానీ డిస్క్ తప్పేమీ ఉండదు.

సెక్టర్ నంబరును 48 బిట్లలో పంపే పద్ధతి ఏటీఏ-6 అనే డిస్క్ ప్రమాణంతో వచ్చింది. ఎక్స్‌పీలో అది సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఉంది. సర్వీస్ ప్యాక్ 3 వేసేయండి, ఇక ఆలోచించక్కర్లేదు. విండోస్ 2000కి సర్వీస్ ప్యాక్ 3 లేదా 4 వేసినా సరిపోదు, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటులో) మనమే ఆన్ చేయాలి. రెజ్‌ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, అటాపి, పారామీటర్స్ దాకా వెళ్లండి. అక్కడ ఎనేబుల్ బిగ్ ఎల్‌బీఏ పేరుతో (మధ్యలో ఖాళీలు లేకుండా, EnableBigLba) ఒక డీవర్డ్ (అంకె విలువ) చేసి, విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయండి. బయోస్ (మెషీన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) కూడా డిస్క్ పూర్తి సైజు చూపించాలి. సాటా (సన్న కేబుల్ ఉండే కొత్త రకం) డిస్క్ అయితే బయోస్‌లో ఐడీఈ మోడ్‌లో పెట్టండి. ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో వదిలేస్తే, దాని డ్రైవర్ లేని ఎక్స్‌పీ నీలం తెర చూపించి ఆగిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వరుస ముఖ్యం. పాత సీడీతో మొదలుపెడితే సీ డ్రైవ్‌ని 100 జీబీకే పరిమితం చేయండి. విండోస్ ఎక్కించి, సర్వీస్ ప్యాక్ వేసి, రీస్టార్ట్ చేశాకే మిగతా చోటు పార్టిషన్ చేయండి. సర్వీస్ ప్యాక్ కలిపిన సీడీ ఉన్నా సీ డ్రైవ్‌ని నేను చిన్నగానే ఉంచుతాను. హైబర్నేట్ (మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసి మెషీన్ ఆపడం) చేసినప్పుడు రాసే ఫైలు సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, దాన్ని రాసే దారి మామూలు డ్రైవర్ దారి కాదు. ఎక్స్‌పీ తొలి రోజుల్లో 128 జీబీ పైన హైబర్నేట్ చేస్తే డేటా చెడిపోయే లోపం ఉండేది.

తర్వాత పరీక్ష. దీన్ని మాత్రం దాటవేయకండి. పూర్తి సైజు కనిపించినంత మాత్రాన రాత సరిగ్గా పడుతోందని కాదు. డిస్క్ చివర, 128 జీబీకి అవతల చిన్న పార్టిషన్ చేసి, ఒక పెద్ద ఫైలును దానిలోకి కాపీ చేయండి. మెషీన్ రీస్టార్ట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌సీ స్లాష్ బీ (fc /b) కమాండ్‌తో అసలు ఫైలునీ కాపీనీ పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఆగిపోండి. తేడా లేకపోతే సీ డ్రైవ్‌కి చెక్‌డిస్క్ (తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడపండి. అదీ శుభ్రంగా వస్తేనే కస్టమర్ ఫైళ్లు ఎక్కించండి. ఇదంతా ఖాళీ డిస్క్ మీద చేసే పని, డేటా ఉన్న డిస్క్ మీద కాదు.

విండోస్ 98 సంగతి వేరు. దాని ఈఎస్‌డీఐ_506 అనే డిస్క్ డ్రైవర్‌కి 48 బిట్లు తెలియవు, మైక్రోసాఫ్ట్ నుంచి ప్యాచ్ కూడా రాలేదు. 120 జీబీ లోపు డిస్క్ వాడండి. పెద్దది తప్పదంటే సొంత బయోస్, విండోస్ 98 డ్రైవర్ ఉన్న పీసీఐ ఐడీఈ కార్డు (మదర్‌బోర్డు పీసీఐ స్లాట్‌లో గుచ్చే డిస్క్ కార్డు) పెట్టాలి. అప్పుడు డిస్క్ ఆ పాత డ్రైవర్ చేతికి వెళ్లదు.

2 టీబీ పైన మరో గోడ ఉంది. ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ టేబుల్‌లో సెక్టర్ నంబరుకు 32 బిట్లే చోటు, అంటే సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపించిందంటే డ్రైవర్ ఆ 32 బిట్ల దగ్గర సున్నాకి తిరిగిందని అర్థం. 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) డిస్కులను చదవలేదు, జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్ అని మాత్రమే చూపిస్తుంది. అలా కనిపించినప్పుడు డిలీట్ చేయకండి, కొత్తగా ఇనిషియలైజ్ చేయకండి. డిస్క్ తీసి కొత్త మెషీన్‌కి తగిలించి డేటా కాపీ చేసుకోండి, ఎక్స్‌పీకి 1 టీబీది కొనండి.