అలుగు పేజీ: రోజువారీ పనిలోంచి కొత్త ఆలోచనలు తీసే తీరు

పెళ్లిళ్ల సీజన్‌లో హన్మకొండలో ఏ మగ్గం వర్క్ షాపుకు పోయినా ఒకటే వరస. వచ్చినామె ఫోన్ తీసి ఒక బ్లౌజు బొమ్మ చూపిస్తుంది, షాపాయన తన ఫోన్ తీసి ఇంకోటి చూపిస్తాడు. రెండూ ఒక్క చోటినుంచి వచ్చినవే. శుభలేఖలు వేసే ప్రెస్సులోనూ, ఫ్లెక్సీ డిజైన్ చేసే కంప్యూటర్ ముందూ, రేపటి పాఠం కాస్త కొత్తగా చెబుదామనుకునే టీచర్ చేతిలోనూ అదే కథ. అందరూ ఒకే బావిలో చేద వేస్తే అందరి బిందెల్లోనూ అవే నీళ్లు.

మన దిక్కు నీళ్ల సంగతి కాకతీయుల నాడే ఒక కొలిక్కి వచ్చింది. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు అప్పటివే. వాటితోపాటు ఊరూరా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మిగిలిన నీళ్లు అలుగు, అంటే కట్టమీద నీళ్లు పొర్లిపోయే చోటు, దూకి కింది చెరువులోకి పారతాయి. వానాకాలంలో నింపుకున్నదే యాసంగికి అక్కరకొస్తుంది. ఆలోచనలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆర్డర్ చేతికొచ్చిన రోజు వెతుకులాట మొదలుపెడితే దొరికేది ఫోన్‌లో ఉన్నదే. ముందే నింపి పెట్టుకోవాలి. దానికి కావలసింది రోజుకు 20 నిమిషాలు, జేబులో పట్టే గీతల్లేని నోట్‌బుక్ ఒకటి, పెన్సిల్ ఒకటి. ఖరీదైన నోట్‌బుక్ వద్దు. అట్ట బాగుంటే తప్పు గీత గీయడానికి చెయ్యి జంకుతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

కుడి పేజీలోనే రాయండి, ఎడమ పేజీ ఖాళీగా వదలండి. దాని పని తర్వాత వస్తుంది. రోజుకు ఒక్క నమోదు చాలు: తేదీ, చోటు, చూసిన ఒక వస్తువు, దాని గురించి ఒక ప్రశ్న. నాలుగైదు లైన్లు దాటొద్దు.

చాలామంది ఇక్కడే తప్పుతారు. "మార్కెట్ చాలా సందడిగా ఉంది, రంగులు బాగున్నాయి" అని రాస్తారు. ఆర్నెల్ల తర్వాత చదివితే అందులోంచి ఏమీ రాదు, ఎందుకంటే అందులో వస్తువు లేదు, మన మెచ్చుకోలు మాత్రమే ఉంది. అదే వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజన్‌లో నిలబడితే ఇట్లా రాయొచ్చు: "చపాట మిర్చి టమాట లెక్క బొద్దుగా, ముదురు ఎరుపు. పక్క బస్తాలో తేజ సన్నగా, పొడుగ్గా. రెండూ ఎరుపే కానీ ఒకటి కాదు. రెండు ఎరుపులు పక్కపక్కన పెడితే ఏది ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది?" చీర అంచుకు రంగులు ఎంచేవాళ్లకైనా, షాపు బోర్డు రాసేవాళ్లకైనా ఈ ప్రశ్న పనికొస్తుంది.

ఫోటో తీస్తే సరిపోదా అంటారు. ఫోటో తీసేటప్పుడు చూసే పని కెమెరాకు అప్పగించేస్తాం, 300 ఫోటోలు పోగవుతాయి, మళ్లీ తెరిచి చూసేది ఎవరూ లేరు. వచ్చీరాని గీతలతో గీసినా సరే, గీసేటప్పుడు ఆకుకు ఎన్ని ఈనెలున్నాయో లెక్కపెట్టక తప్పదు. బొమ్మ బాగా రావడం ఇక్కడ అవసరమే కాదు. ఫోన్‌ను మాత్రం చప్పుళ్లకు వాడండి: యార్డులో వేలం పాట పాడే గొంతు, ఒగ్గు డోలు దరువు, వరంగల్ కొత్తవాడలో మగ్గం చప్పుడు. అర నిమిషం రికార్డింగ్ చాలు.

ఒక్క స్తంభం, 20 నిమిషాలు

వేయి స్తంభాల గుడికి పోయి వెయ్యీ చూసి రావడం వల్ల లాభం లేదు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఒక పూటకు ఒక స్తంభం, ఆ స్తంభంలో ఒక పట్టీ ఎంచుకోండి. మొదటి 5 నిమిషాలు పెన్సిల్ తీయకుండా చూడండి. తర్వాతి 10 నిమిషాలు ఆ పట్టీలో ఒకే ఒక్క తునక గీయండి, ఒక పువ్వో, ఒక తీగ మెలికో. చివరి 5 నిమిషాలు గీత ఆపి, ఆ తునక ఎట్లా మళ్లీ మళ్లీ వచ్చిందో మాటల్లో రాయండి: పక్కపక్కనే వచ్చిందా, అద్దంలో చూసినట్టు తిరగబడిందా, కింది వరస సగం జరిగి కూర్చుందా. అసలు సరుకు ఈ మూడో భాగమే. పువ్వు ఎవరైనా గీస్తారు, పువ్వు తిరిగొచ్చే లెక్క దొరికితే దాంట్లోంచి 10 అంచులు పుడతాయి.

ఇంటికొచ్చాక ఆ తునకను పని చేసే వస్తువులోకి దించాలి. ఎక్కువ చెడేది ఇక్కడే, అందుకే కొంచెం నెమ్మదిగా చూద్దాం. రాతి చెక్కడంలో అందం గీతది కాదు, లోతుది. లోతున నీడ పడితేనే పువ్వు లేచినట్టు కనిపిస్తుంది. బట్టకు నీడ లేదు. అందుకే రాతి పువ్వును ఉన్నదున్నట్టు ట్రేసింగ్ పేపర్ మీద ఎక్కించి కుట్టిస్తే గీతలన్నీ చిక్కుపడి ముద్దలా కనిపిస్తుంది. గీసిన బొమ్మలోంచి 3 గీతలే ఉంచి మిగతావి చెరిపేయండి. రాతిలో లోతుగా ఉన్నచోట బట్టమీద ముదురు రంగు దారం, ఎత్తుగా ఉన్నచోట పూసలో జర్దోసీయో వేయండి.

దరీ, అంటే నేలమీద పరిచే జంఖానా, అయితే లెక్క వేరు. కొత్తవాడలో నేసే వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అక్కడి గుంట మగ్గం మీద నేసే బొమ్మ నిలువు పోగుల మీద అడ్డపోగు నడిచే దారిని బట్టే పుడుతుంది. గుండ్రం గీత నేతలో మెట్లుమెట్లుగా మారిపోతుంది. కాబట్టి ముందే గ్రాఫ్ కాగితం మీద వేసుకోండి. 20 గడుల వెడల్పులో వేసిన పువ్వు కోటగోడ మెట్లలా కనిపిస్తుంది, 60 గడుల్లో వేస్తే వంపు నునుపుగా వస్తుంది కానీ నేసే పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. మెట్లనే అందంగా మలిచే మూడుమూలల, జిగ్‌జాగ్ బొమ్మలు నేతకు ఎందుకు అచ్చొచ్చాయో ఆ కాగితం ముందు కూర్చుంటే అర్థమవుతుంది. నేతగాళ్లతో మాట్లాడకుండా కంప్యూటర్‌లో డిజైన్ గీసి పంపేవాళ్లు దీన్ని ఖర్చు పెట్టి నేర్చుకుంటారు.

షరతు పెట్టుకోండి

ఏదైనా చేయొచ్చు అన్నప్పుడు చెయ్యి ఆడదు. బతుకమ్మ పేర్చేవాళ్లకు ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఉన్నది ఒక తాంబాలం, ఆ పొద్దు దొరికిన పూలు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల. గునుగు తెల్లగా ఉంటే కొసలు రంగులో ముంచుతారు. పెద్ద వరస కింద, పోనుపోను చిన్నవి, నడుమ బోలుగా ఉండకుండా కోసిన కాడలూ ఆకులూ నింపుతారు. సామాను ఇంతే అయినా ఒక్క వాడలో ఏ రెండు బతుకమ్మలూ ఒక్క తీరుగా ఉండవు.

అదే కొలత మీ పనికి పెట్టుకోండి: 3 వస్తువులు, ఒక సైజు, 30 నిమిషాలు, 8 రకాలు. శుభలేఖ డిజైన్ అయితే రెండు రంగులు, ఒక అక్షరం తీరు, ఒక పూల తునక, అంతే. ఎనిమిదీ తప్పకుండా వేయాలి, చిన్న గడుల్లో గీసినా సరే. మొదటి 3 అందరికీ తట్టేవే వస్తాయి. నాలుగోదానికో అయిదోదానికో "ఇగ ఏం లేదు" అనిపిస్తుంది, చాలామంది అక్కడ లేచిపోతారు. ఆ తర్వాత వచ్చే రెండుమూడు కొంచెం వంకరగా, కొంచెం పిచ్చిగా ఉంటాయి. ఏరుకోవలసింది అందులోంచి. ఎనిమిదీ పనికిరాలేదంటే షరతు మరీ వదులుగా ఉన్నట్టు. ఒక రంగు తీసేసి మళ్లీ వేయండి.

కథ చెప్పడానికి బట్టమీద వేసే చేర్యాల నకాషీ పటం చూడండి. ఎర్రటి నేపథ్యం, నిలువునా దిగే గడులు, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం. పటం వేసేవాళ్లు ఒకరు, దాన్ని విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు ఇంకొకరు. అందుకని గడి చూడగానే ఎవరెవరో, ఏం జరుగుతుందో దూరం నుంచే తెలియాలి. చెప్పడానికి చిక్కుగా ఉన్న విషయం మీ దగ్గర ఉంటే, అది కొత్త స్టాఫ్‌కు నేర్పే పని అయినా, బ్యాంకు లోను వివరమైనా, 6 గడుల్లో వేసి చూడండి. ఏ గడి వేయలేకపోయారో ఆ ముక్క మీకే సరిగ్గా తెలియదు.

బొమ్మలతో పనిలేనివాళ్లకు

టిఫిన్ సెంటర్‌లోనో ఆఫీసులోనో బడిలోనో పుట్టే కొత్త ఆలోచన చాలాసార్లు విసుగులోంచి వస్తుంది. కాబట్టి 7 రోజులు విసుగులు రాయండి. రోజుకు ఒకటి, టైముతో సహా. "8:20, పార్సిల్ కోసం నిలబడ్డాయన, తినడానికి వచ్చినాయన ఒకే లైన్లో గొడవ" అన్నంత ముక్కుసూటిగా. వారం చివర ఒకే విసుగు 3 సార్లు వచ్చిందంటే దాన్ని పట్టుకోండి. దాన్ని ప్రశ్నగా మార్చి, ఆ ప్రశ్నను తలకిందులు చేసి ఇంకోసారి రాయండి.

రామప్ప గుడి ఈ తలకిందుల ప్రశ్నకు చక్కటి ఉదాహరణ. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బరువైన గుడి నిలవాలంటే పునాది ఎట్లా గట్టిపడాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికి అక్కడి జవాబు పునాదిలో నింపిన ఇసుక. పైభాగం బరువు ఎట్లా తగ్గాలి అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలు. టిఫిన్ సెంటర్‌లోనూ అంతే. "లైను తొందరగా ఎట్లా కదలాలి?" అంటే ఇంకో మనిషిని పెట్టమని జవాబు వస్తుంది. "లైన్లోకి రావలసినవాళ్లు ఎట్లా తగ్గాలి?" అంటే పార్సిల్‌కు పక్క కిటికీ, రోజూ వచ్చేవాళ్లకు ముందురోజే చీటీ లాంటివి తడతాయి. ఒక వారంలో ఒకటే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

టీచర్లకు ఒక మాట. కొత్త పాఠం కోసం దూరం పోనక్కర్లేదు. బతుకమ్మ కింది వరసలో 24 పూలు, ఒక్కో వరసకు 3 తగ్గుతూ 6 వరసలు అనుకుంటే మొత్తం ఎన్ని? 24, 21, 18, 15, 12, 9. కింది వరసనూ పై వరసనూ జత కలిపితే 33, అట్లాంటి జతలు 3, మొత్తం 99. సూత్రం చెప్పకముందే పిల్లలు జతలు కట్టేస్తారు. నిజం బతుకమ్మలో లెక్క ఇంత పద్ధతిగా ఉండదని వాళ్లు గొడవపెడితే మరీ మంచిది, పూలు తెచ్చి లెక్కపెట్టమనండి.

ఆదివారం అలుగు

వారానికి ఒకసారి 30 నిమిషాలు నోట్‌బుక్ తిరగేయండి. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఎడమ పేజీలకు ఇప్పుడు పని. నచ్చిన 3 నమోదులకు సున్నా చుట్టి, ఒకదానికి సంబంధం లేని ఇంకోదాన్ని ఎదుటి పేజీలో జోడించండి. మిర్చి ఎరుపులు, స్తంభం మీది సగం జరిగిన వరస. పార్సిల్ కిటికీ, చేర్యాల గడులు. అయిదు జోడింపుల్లో నాలుగు ఉత్తివే అవుతాయి, కంగారు పడొద్దు. పనికొచ్చేలా ఉన్నది నోట్‌బుక్ చివర "అలుగు పేజీ"లో ఒక్క లైనుగా ఎక్కించండి. చేతిలో పని ముగిసే రోజున కూడా అంతే: ఈ పనిలో మిగిలిపోయింది, వాడనిది ఏదో ఒక లైను అక్కడ రాసి లేవండి. కొత్త ఆర్డర్ వచ్చినప్పుడు ముందు తెరవాల్సింది ఆ పేజీ, ఫోన్ కాదు.

చెరువులో పూడిక పేరుకున్నట్టే నోట్‌బుక్‌లోనూ పేరుకుంటుంది. చదవని నమోదులు పెరిగేకొద్దీ కొత్తవి రాయాలన్న ఊపు తగ్గుతుంది. 3 నెలలకోసారి పూడిక తీయండి. కానీ పారేయొద్దు. చెరువు మట్టిని చేన్లకు తోలుకున్నట్టు, చెడిపోయిన గీతలనూ ఆర్డర్ రద్దయిన డిజైన్లనూ ఒక అట్టపెట్టెలో వేసి తేదీ రాసి పెట్టండి. అప్పుడు చెడిందన్నది చాలాసార్లు ఆ వస్తువుకు నప్పలేదంతే.

ఏమీ తట్టనప్పుడు

ముందు నిద్ర, తిండి చూసుకోండి. అలసిన తలను ఏ పద్ధతీ కదిలించదు. అవి సరిగ్గానే ఉంటే రోజూ పోయే దారి మార్చండి, లేదా భద్రకాళి చెరువు కట్ట మీద ఫోన్ లేకుండా 25 నిమిషాలు నడవండి. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిస్తే లెక్కలోకి రాదు.

ఇంకో కారణం, తొందరపడి చూపించడం. సగం అయిన పనిని వాట్సాప్ గ్రూపులో పెడితే వచ్చే జవాబు "మంచిగుంది". దాంతో పని అక్కడే ఆగుతుంది. ఒక్కరికే చూపించండి, "ఎట్లుంది?" అనకండి, "ఏది అర్థం కాలేదు?" అనండి. మొహమాటానికి చోటు లేని ప్రశ్న అది.

పెంబర్తిలో ఇత్తడి రేకును వెనకనుంచి కొట్టి బొమ్మను ఉబ్బించడం, కరీంనగర్‌లో వెండి తీగను మెలిపెట్టి అల్లడం దగ్గరుండి చూస్తే మంచిదే. అడిగి కూర్చోండి, చిన్నదైనా ఒక వస్తువు కొనండి, చూసిన పద్ధతిని మీ పనిలోకి మార్చుకోండి. కానీ నకాషీ బొమ్మను స్కాన్ చేసి మెషిన్ ప్రింటు కొట్టి "చేర్యాల" అని అమ్మడం వేరు. ఆ పేరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది, అది చేతిపని చేసే కుటుంబాల కూడు.

నోట్‌బుక్ నిండాక అట్టమీద మొదటి తేదీ, చివరి తేదీ రాయండి. అలుగు పేజీలో మిగిలిన లైన్లను కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలోకి చేత్తో ఎక్కించండి. మళ్లీ రాయడానికి బద్ధకమనిపించిన లైన్లను పాతదాంట్లోనే వదిలేయండి.