అమ్మ మోకాళ్ళ కొలతతో పెరటి బెంచీ

కొన్న బెంచీలన్నీ అమ్మకి పల్లమే. కిందటి వేసవిలో ఒకదాని మీద కూర్చుని, "ఇందులోంచి నన్ను లేపాలంటే నలుగురు రావాలిరా" అంది. అందుకే టేపు తీసుకుని ముందు ఆవిడనే కొలిచాను. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా పదహారున్నర అంగుళాలు. మోకాళ్ళ నొప్పులకి ఇంకో ఒకటిన్నర కలిపితే కూర్చునే ఎత్తు 18. పొడవు 4 అడుగులు, లోతు 16 అంగుళాలు, బెంచీ చేతులు కూర్చునే చోటుకి 7 అంగుళాల ఎత్తున. చేతుల్లేని బెంచీ చూడ్డానికి బాగుంటుంది కానీ, పెద్దవాళ్ళు దేన్ని పట్టుకుని లేస్తారు?

కర్ర కొనలేదు. తణుకు దగ్గర మా మండువా ఇల్లు విప్పినప్పుడు దాచిన టేకు దూలాలున్నాయి. మేకులున్న కర్ర సామిల్లు వాళ్ళు ముట్టరు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలం వెంట నడిపించండి, తుప్పు పట్టి లోపల దాక్కున్న మేకు దగ్గర అది అతుక్కుంటుంది. నేను ఒకటి వదిలేశాను. ఇంట్లో ముక్కలు కోసేటప్పుడు కొత్త బ్లేడు పళ్ళు మూడు పోయాయి.

నా దగ్గరున్నవి 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్, అదే బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యులర్ రంపం. డ్రిల్‌కి 2 యాంపియర్ అవర్ల (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ చాలు. రంపానికి మాత్రం 4 ఉండాలి, రెండంగుళాల టేకు చిన్న బ్యాటరీని చూస్తూండగానే తాగేస్తుంది. బ్యాటరీ వేడెక్కితే నీడలో చల్లారాకే చార్జింగ్ పెట్టండి. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. టేకు పొడి గొంతులో దురద పెడుతుంది.

ముందు కాళ్ళు 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం. వెనక కాళ్ళని ఆరంగుళాల పలకలోంచి కోయాలి. కూర్చునే ఎత్తు దాకా నిలువుగా ఉండి, అక్కణ్ణుంచి పైకి పోతూ మూడంగుళాలు వెనక్కి వాలాలి. ఆ వంపు మూల దాకా మిషను రంపంతో వెళ్ళకండి. దాని బ్లేడు గుండ్రం, అడుగున కోత పూర్తయ్యేసరికి పైన గీత దాటిపోతుంది. చివరి అంగుళంన్నర చేతి రంపంతోనే.

పక్క అడ్డకట్టెల్ని కాళ్ళ లోపలి వైపు పెట్టి, ఒక్కో అతుకుకి 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండేసి వేశాను. రెండూ ఒకే వరసలో కాకుండా ఎదురు మూలల్లో ఉండాలి, అప్పుడే బెంచీ ఊగదు. ముందూ వెనకా పొడవు పట్టెలు, నడుమ ఇంకో అడ్డకట్టె. అది లేకపోతే బద్దలు కుంగుతాయి. బిగించే ముందు మూల నుంచి మూలకి టేపు పెట్టి చూడండి. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు.

కూర్చునే బద్దలు అయిదు, మూడేసి అంగుళాలవి. మధ్య పావు అంగుళం సందు వదిలితే వాన నీళ్ళు దిగిపోతాయి. వీపుకి మూడు బద్దలు చాలు.

స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే వాడండి, ఇనుపవైతే తుప్పు పట్టి టేకు మీద నల్ల మరకలు పడతాయి. కానీ స్టెయిన్‌లెస్ మెత్తన, గట్టి కర్రలో తల పుటుక్కున తెగుతుంది. నాకు రెండు తెగాక మా వడ్రంగి మేస్త్రి చెప్పాడు: ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, స్టెయిన్‌లెస్ స్క్రూ సైజుదే ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసెయ్యి, ఆ దారిలో స్టెయిన్‌లెస్‌ది కొవ్వొత్తి మైనం రాసి తిప్పు. డ్రిల్ పైనున్న వేగం మీట 1 మీద పెట్టి, ముందరి బిగింపు రింగుని చిన్న అంకె నుంచి పెంచుకుంటూ వెళ్ళాలి. ఆ తర్వాత ఒక్కటీ తెగలేదు.

చివరగా కాళ్ళ అడుగులు ఒక రాత్రంతా అవిసె నూనెలో నానబెట్టాను, నీళ్ళు పీల్చేది అక్కడే. మిగతాదంతా నూనె గుడ్డతో తుడిచాను. ఆ గుడ్డని ఉండచుట్టి పడేయకండి, తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. దండెం మీద పరిచి ఆరేయండి. చెద ఎక్కకుండా కాళ్ళ కింద కడప రాయి ముక్కలు పెట్టాను.

నూనె ఆరడానికి మూడు రోజులు పడుతుందని అమ్మకి చెప్పాను. సాయంత్రానికే కూర్చుని, బెంచీ చేతులు పట్టుకుని తనే లేచింది. చీర వెనక మాత్రం అయిదు చారలు.